బూటు ముందు, బైండింగు తర్వాత

మొన్న నవంబరులో సికింద్రాబాద్ సీతాఫల్‌మండి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. డెన్వర్ పక్కన అరోరాలో దిగి మూడు నెలలైంది.

"అన్నా, ఆఫీసోళ్ళందరు కీస్టోన్ పోతున్నరు. నేను గూడ స్నోబోర్డు నేర్చుకుంటనని చెప్పేసిన. బైండింగ్స్ మీద మంచి ఆఫర్ నడుస్తున్నది. ఏవి తీసుకోమంటవ్?"

"బూట్లు కొన్నవా?"

"లేదన్నా. బోర్డు గూడ లేదు. ఆఫర్ ఇయ్యాల రాత్రికి అయిపోతది."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ రాత్రి అతన్ని ఆపడానికి అరగంట పట్టింది. అప్పుడు చెప్పిందే కొంచెం సావకాశంగా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఏటా చలికాలం మొదట్లో ఇదే ప్రశ్న, ఇంచుమించు ఇదే తొందరతో, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

సికింద్రాబాద్ వాళ్ళకు మంచుతో చుట్టరికం తక్కువ. మనకు తెలిసిన మంచు 2004లో ఇందిరా పార్కు దగ్గర తెరిచిన స్నో వరల్డ్‌ది, కాదంటే ఫ్రీజరులో పేరుకున్నది. అందుకని అమెరికా దుకాణంలో గోడ నిండా వేలాడదీసిన బైండింగులను చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు రంగు చూసి, ధర చూసి కొనేస్తాం. నేనూ అలాగే కొన్నాను.

బైండింగు అంటే బూటును బోర్డుకు పట్టి ఉంచే సామాను. కింద ఒక పళ్ళెం లాంటి బేస్‌ప్లేటు ఉంటుంది. వెనక పిక్క దాకా లేచి నిలబడే హైబ్యాక్, చీలమండ మీదుగా ఒక పట్టీ, వేళ్ళ మీదుగా ఇంకొక పట్టీ. పట్టీలకు పళ్ళుంటాయి. కేబుల్ టై బిగించినట్టు అవి ఒక్కో పన్నూ ముందుకు జరుగుతూ బిగుస్తాయి. ఆ బిగించే మీటనే రాట్చెట్ అంటారు. స్కీ బైండింగుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్కీ మీద గట్టిగా పడితే బూటు దానంతటదే ఊడివస్తుంది. స్నోబోర్డు బైండింగు ఊడదు. పడితే రెండు కాళ్ళూ బోర్డుతోనే ఉంటాయి, దెబ్బ తినేది మణికట్టు, నడుము కింది ఎముక. కాబట్టి బైండింగు కంటే ముందు మణికట్టు గార్డులు, హెల్మెట్ కొనమంటాను. ఈ మాటకు ఎవరూ ఆఫరు చూపించరు.

1965 క్రిస్మస్ రోజున మిచిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతురి కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. దానికి స్నర్ఫర్ అని పేరు పడింది. దానికి బైండింగు లేదు. పట్టుకోవడానికి ముందర ఒక తాడు, అంతే. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ పెట్టిన బర్టన్ కంపెనీ, ఇంకా ఆ రోజుల్లో ఈ పనిలో పడ్డ మరికొందరు, కాళ్ళను బోర్డుకు కట్టే పద్ధతులు వెతికారు. కాలు బోర్డుకు అతుక్కున్నాకే గట్టి మంచు మీద మలుపు తిప్పడం సాధ్యమైంది. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల ఆట. ఈ కథ ఎందుకంటే, బోర్డును మలుపు తిప్పేది మీ మడమ, మీ వేళ్ళు. వాటి బలం బూటులోంచి బైండింగులోకి, అక్కడినుంచి బోర్డు అంచుకు చేరాలి. బూటు వదులైతే ఎంత ఖరీదైన బైండింగూ ఏమీ చేయలేదు.

అందుకే బూటు ముందు. మన దగ్గర చెప్పుల కొలత బ్రిటిష్ పద్ధతి. ఊళ్ళో 8 వేసుకునే మగవాళ్ళకు అమెరికా కొలతలో దాదాపు 9 అవుతుంది. దీనిమీద కూడా నమ్మకం పెట్టుకోకండి. కాగితం నేల మీద పరిచి, మడమ గోడకు ఆనించి నిలబడి, బొటనవేలి చివర గీత గీయండి. ఆ పొడవు సెంటీమీటర్లలో ఎంతో అదే మాండో కొలత. 27 సెంటీమీటర్లంటే మగవాళ్ళ అమెరికా 9. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఒకే ఒక్క జత పల్చటి ఉన్ని మేజోళ్ళతో బూటు వేసుకుని చూడండి. వేళ్ళు ముందర తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాలు వంచగానే కాస్త వెనక్కి రావాలి. మడమ పైకి లేవకూడదు. చలికని రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. మన ఇళ్ళల్లో చెప్పిన నియమానికి ఇది పూర్తిగా రివర్సు.

బూటు కుదిరాకనే బైండింగు కొలత. ఎస్, ఎం, ఎల్ అని ఉంటాయి. ఏ బూటుకు ఏ సైజో ప్రతి కంపెనీ తన పట్టికలో ఇస్తుంది, ఒకదాని పట్టిక ఇంకొకదానికి పనికిరాదు. మీ బూటు రెండు సైజుల మధ్య పడితే, బూటును దుకాణానికి పట్టుకెళ్ళి బైండింగులో పెట్టి చూడటం తప్ప వేరే దారి లేదు. మడమ వెనక గిన్నెలో బూటు అటూ ఇటూ ఆడకూడదు. పట్టీ బిగిస్తే దాని మధ్యభాగం బూటు మధ్యలోనే కూర్చోవాలి. ఆడవాళ్ళ కోసం చేసిన వాటికి హైబ్యాక్ కొంచెం పొట్టిగా ఉంటుంది, పిక్క కిందికి ఉంటుందని. గులాబీ రంగు వేసినంత మాత్రాన ఆడవాళ్ళది కాదు, హైబ్యాక్ ఎత్తు చూడండి.

ఇప్పుడు రకాలు. రెండు పట్టీలది పాత పద్ధతి. హైబ్యాక్ వెనక్కి పడుకోబెట్టి కాలు దూర్చేది ఇంకొకటి. బూటును నొక్కగానే టక్కున పట్టుకునే స్టెప్ ఆన్ పద్ధతి బర్టన్ వాళ్ళు 2017లో తెచ్చారు. మంచులో కూర్చుని పట్టీలు బిగించే బాధ లేదు కాబట్టి స్టెప్ ఆన్ చూడగానే అందరికీ నచ్చుతుంది. కానీ దానికి ప్రత్యేకమైన బూట్లే కావాలి. బూటు కింద మంచు గడ్డకట్టి అతుక్కుంటే అది సరిగ్గా పట్టదు, గీక్కోవాలి. పైగా స్నేహితుడి బూట్లు తెచ్చుకుని వాడదామంటే కుదరదు. కొత్తగా వచ్చినవాళ్ళు సామాను అరువు తెచ్చుకుంటారు, అమ్ముతారు, ఊరు మారతారు. ఈ సంగతి తెలిసే చెబుతున్నాను: మొదటి జతగా రెండు పట్టీలదే తీసుకోండి. అది ఏ బూటుతోనైనా సంసారం చేస్తుంది.

గట్టిదనం గురించి దుకాణంలో అంకె చెబుతారు, 1 అంటే మెత్తన, 10 అంటే కొయ్యలా గట్టిది. ఈ అంకెకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏమీ లేదు, ఒక కంపెనీ 5 ఇంకొక కంపెనీ 6 కావచ్చు. మెత్తటిది నెమ్మదిగా పోయేటప్పుడు, తప్పులు చేసేటప్పుడు క్షమిస్తుంది. గట్టిది మీ చీలమండ కదలికను అక్షరం పొల్లుపోకుండా బోర్డుకు చేరవేస్తుంది. వేగంగా పోయేవాడికి అది వరం, నేర్చుకునేవాడికి ప్రతి పొరపాటుకూ ఒక మొట్టికాయ. చదునుగా దున్నిన బాటలో, చెట్ల పక్కన మెత్తటి పొడి మంచులో, చిన్న చిన్న గెంతులకు, అన్నిటికీ ఒకటే జత కావాలంటే 4 నుంచి 6 మధ్యలో ఉండండి. న్యూజెర్సీ, న్యూ ఇంగ్లండ్ వైపు ఉంటే అక్కడి కొండలు తరచూ గడ్డకట్టి నునుపుగా ఉంటాయి, ఒక మెట్టు గట్టిదైనా ఫరవాలేదు. బూటు మెత్తన, బైండింగు గట్టిగా ఉంటే మాత్రం పట్టీ పాదాన్ని నలిపేస్తుంది. రెండూ ఒకే స్వభావంవై ఉండాలి.

అసలు మోసం జరిగేది బోల్టుల దగ్గర. రాణీగంజ్‌లో ఒక్కసారైనా నట్టూ బోల్టూ కొన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది, మరకు తగని బోల్టును ఏ దుకాణదారూ వెనక్కి తీసుకోడు. స్నోబోర్డు మీద రంధ్రాలు మామూలుగా 4 సెంటీమీటర్ల ఎడంతో గానీ, పొడవు వైపు 2 సెంటీమీటర్ల ఎడంతో గానీ ఉంటాయి. బైండింగు మధ్యలో గుండ్రటి డిస్కు ఉంటుంది, నాలుగు స్క్రూలు దాన్నే బోర్డుకు బిగిస్తాయి. బర్టన్ బోర్డుల్లో చాలావాటికి రంధ్రాల బదులు పొడుగాటి గాడి ఉంటుంది, దాన్ని చానెల్ అంటారు. వాళ్ళు ఈఎస్‌టీ అని పేరుపెట్టిన బైండింగులు ఆ గాడికే పనికొస్తాయి. రీఫ్లెక్స్ అని ఉన్నవాటికి డిస్కు ఉంటుంది, అవి రెండు రకాల బోర్డులకూ పడతాయి. నేను మొదటి ఏడాది పాత సామాను అమ్మే చోట సగం ధరకు కొన్నవి గాడికి మాత్రమే పనికొచ్చేవి. ఇంటికొచ్చి చూస్తే నా బోర్డుకు రంధ్రాలు. బిల్లు మీద వాపసు లేదని ముద్ర. ఆ జత రెండేళ్ళు గ్యారేజీలో మేకుకు వేలాడింది, వచ్చిన చుట్టాలు అదేదో కళాఖండం అనుకున్నారు.

కాబట్టి బోర్డు ఇంకా కొనకపోతే అన్నిటికీ పడే డిస్కు ఉన్నదే తీసుకోండి. పాతవి కొంటుంటే డిస్కులు, ఎనిమిది స్క్రూలు చేతిలో పెట్టించుకున్నాకే డబ్బు ఇవ్వండి. పట్టీల పళ్ళు అరిగాయేమో, ప్లాస్టిక్‌లో తెల్లటి గీతలు పడ్డాయేమో వెలుతురులో చూడండి. చలికి ఆ గీత దగ్గరే విరుగుతుంది.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక చిన్న కిటుకు ఉంది. మన ఇళ్ళల్లో ఉండే నక్షత్రపు స్క్రూడ్రైవరు నంబర్ 2, దీనికి కావలసింది నంబర్ 3. చిన్నదానితో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఇక ఊడదు. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్ళను రెగ్యులర్ అంటారు, కుడి కాలు ముందు పెట్టేవాళ్ళను గూఫీ. చిన్నప్పుడు వానకు తడిసిన గచ్చు మీద జారేటప్పుడు ఏ కాలు ముందుండేదో గుర్తు తెచ్చుకోండి, అదే మీ సమాధానం. డిస్కు మీద డిగ్రీల గీతలుంటాయి. ముందు కాలును బోర్డు ముక్కు వైపు 15 డిగ్రీలు, వెనక కాలును తోక వైపు 6 నుంచి 9 డిగ్రీలు తిప్పి మొదలుపెట్టండి. కాళ్ళ మధ్య ఎడం భుజాల వెడల్పుకు కాస్త ఎక్కువ. బోర్డు మీద కంపెనీవాడే ఒక గుర్తు పెట్టి ఉంటాడు. బూటు బిగించి చూస్తే వేళ్ళ వైపు, మడమ వైపు బయటికి పొడుచుకొచ్చింది రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క ఎక్కువైతే మలుపులో అదే మంచులో గీసుకుని మిమ్మల్ని పడేస్తుంది. హైబ్యాక్‌ను ముందుకు వంచే మీట ఉంటుంది, ఈ ఏడాది దాన్ని సున్నాలోనే ఉంచండి. రెండు మూడు సార్లు దిగాక స్క్రూలు మళ్ళీ బిగించండి, తప్పకుండా కాస్త వదులవుతాయి.

డబ్బు సంగతి. కొత్త బైండింగులు సుమారు 150 నుంచి 350 డాలర్ల మధ్య దొరుకుతాయి. మధ్యస్థమైనది చాలు. మార్చి, ఏప్రిల్‌లో ధరలు దిగుతాయి. ఆకురాలే కాలంలో పాత సామాను మార్పిడి మేళాలు జరుగుతాయి. కానీ మొదటి రెండు మూడు సార్లు అన్నీ అద్దెకే తీసుకోమనేది నా తీర్పు. పూర్తి సీజనుకు ఒకే మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. బూట్లు కొనాలనిపిస్తే బూట్లొక్కటే కొనండి.

డెన్వర్ వాళ్ళకు రెండు మాటలు. సికింద్రాబాద్ ఎత్తు సుమారు 1,800 అడుగులు, డెన్వర్ 5,280, కీస్టోన్ కొండ మొదట్లోనే 9,000 అడుగులు దాటుతుంది. తల నొప్పెడితే నీళ్ళు తాగి కూర్చోండి, వీరత్వం వద్దు. ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు మీ కారుకు తగిన టైర్లు గానీ గొలుసులు గానీ ఉండాలని చట్టం. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకు ఇంత దూరం అక్కర్లేదు. ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని అమెరికన్ డ్రీమ్ మాల్‌లో 2019 డిసెంబరులో తెరిచిన బిగ్ స్నో అనే ఇండోర్ మంచు వాలు మీద ఎండాకాలంలోనూ నేర్చుకోవచ్చు. కొండ మీద తిండి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. చాలా చోట్ల కింది హాల్లో మన డబ్బా మనం విప్పుకోనిస్తారు. పులిహోర చల్లారినా బాగుంటుంది, అదొక్కటే ఆ హాల్లో మన గొప్ప.

ఆ కుర్రాడు ఆ రాత్రి ఆఫరు వదిలేశాడు. డిసెంబరులో అద్దె సామానుతో మూడుసార్లు పడీ లేచీ, జనవరిలో బూట్లు కొని, మార్చిలో ఐదో అంకె గట్టిదనం ఉన్న, డిస్కు ఉన్న రెండు పట్టీల జత తీసుకున్నాడు. బోర్డు ఇప్పటికీ నాదే. ఉద్యోగం మారి ఈ నెల సాల్ట్ లేక్ సిటీ వెళుతున్నాడు. అతనికీ, ఆ వైపు వెళ్ళే మీకూ ఒక చివరి మాట: యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ కొండల మీదికి స్నోబోర్డును అసలు రానివ్వరు. లిఫ్టు టికెట్ కొనేముందే చూసుకోండి.