సీటు ఎందుకు మొరాయిస్తుంది? డ్రాపర్ సీట్‌పోస్ట్‌లో ఘర్షణ, కందెనల రసాయనం

కొండదారులలో తిరిగే మౌంటెన్ బైకు 1970వ దశకంలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రూపు దిద్దుకున్నది. ఎగువకు ఎక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉంటే కాళ్ళ బలం పూర్తిగా పెడళ్ళకు అందుతుంది. దిగువకు వచ్చేటప్పుడు అదే సీటు అడ్డమై, శరీరాన్ని వెనుకకు జరుపుకోనివ్వదు. ఈ రెండు అవసరాలనూ తీర్చే సాధనమే డ్రాపర్ సీట్‌పోస్ట్. హ్యాండిల్‌పైనున్న మీటను నొక్కి కూర్చుంటే సీటు దిగుతుంది; లేచి నొక్కితే పైకి వస్తుంది. 2022లో మతెయ్ మొహొరిచ్ దీనిని రోడ్డు సైకిలుకు అమర్చుకొని మిలాన్–సాన్ రెమో పందెం గెలిచాడు.

ఇంతటి ఉపకరణం దిగకుండా బిగుసుకుపోతే, నిటారు దిగుడులో సైకిలుతో సహా ముందుకు పల్టీ కొట్టే ప్రమాదమున్నది. అందువలన మన పిల్లల సైకిళ్ళలో ఈ లోపాన్ని తేలికగా తీసుకొనరాదు. అట్లని వెంటనే కొత్తది కొననవసరమూ లేదు. లోపం ఎక్కడున్నదో బయటినుండి లోపలికి వరుసగా వెదికితే, చాలా సందర్భాలలో ఇంటివద్దనే సరిచేసుకోవచ్చును.

దీని నిర్మాణం సులభమైనది. ఫ్రేములో బిగించిన వెలుపలి గొట్టంలో మరొక గొట్టం జారుతుంది. రెండింటి నడుమ బుష్‌లు, పక్కకు తిరగకుండా ఆపే చిన్న ఇత్తడి పిన్నులు, పైన దుమ్మును ఆపే రబ్బరు సీలు ఉంటాయి. లోపల అధిక పీడనంలోని వాయువు సీటును పైకి నెడుతుంది.

మొదటి పరీక్ష: సీటును సగానికి దించి, ఫ్రేము క్లాంపు మరను కొద్దికొద్దిగా వదులు చేయండి. కదలిక సులువైతే దోషం బిగింపుదే. అతిగా బిగించినప్పుడు వెలుపలి గొట్టం నొక్కుకుపోయి లోపలి గొట్టాన్ని పట్టివేస్తుంది. టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. సాధారణంగా అది 5 నుండి 7 న్యూటన్ మీటర్లు. ఆ బిగింపుకు పోస్టు జారుతుంటే ఇంకా బిగించక, కార్బన్ భాగాలకు వాడే గరుకు పేస్టును వెలుపలి గొట్టానికి పూయాలి.

రెండవ పరీక్ష: పోస్టును ఫ్రేమునుండి తీసి, కేబులును విడదీసి, అడుగునున్న చిన్న మీటను చేతితో నొక్కండి. ఇప్పుడు చక్కగా పనిచేస్తే దోషం కేబులుది. కేబులు వదులైతే వాల్వు పూర్తిగా తెరుచుకోదు. మరీ బిగువైతే పూర్తిగా మూసుకోక, సీటు తనంతట తానే దిగిపోతుంది.

మూడవది శుభ్రత. పోస్టు పూర్తిగా పైకి వచ్చిన స్థితిలో సీలున్న కాలరును మర తిప్పి విప్పాలి. మెత్తని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పాత గ్రీజును తుడవాలి. పిన్నులు తీయవలసివస్తే ఏది ఏ గాడిలోనిదో గుర్తుంచుకోవాలి. తయారీదారు సూచించిన గ్రీజును పలుచగా పూసి, తిరిగి బిగించి, పదిసార్లు ఆడించి, పైకి వచ్చిన అదనపు గ్రీజును తుడిచివేయాలి.

ఇక్కడ కొంత రసాయనశాస్త్రం చెప్పుకోవాలి. గ్రీజు అనగా సబ్బు పోగుల వలలో చిక్కిన నూనె. నీటిని పట్టిన స్పాంజివంటిది. కాలక్రమేణా నూనె కారిపోయి సబ్బు మిగులుతుంది. దానికి ఇసుక చేరితే కందెన కాస్తా సానరాయిగా మారుతుంది. ఇట్టి స్థితిలో డబ్బాలోని పలుచని స్ప్రే నూనె కొడితే ఒక రోజు హాయిగా కదులుతుంది. కాని అది మిగిలిన గ్రీజును కూడా కడిగివేస్తుంది. ఇక ఎసిటోన్, టాలుయీన్ కలిసిన బ్రేకు క్లీనరు వాడటం ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్లే. సీళ్ళకు తరచుగా వాడే నైట్రైల్ రబ్బరు ఖనిజ నూనెలకు తట్టుకుంటుంది గాని, ఈ ద్రావణులను పీల్చుకొని ఉబ్బుతుంది. ఉబ్బిన సీలు గొట్టాన్ని మునుపటికంటె గట్టిగా పట్టుకుంటుంది.

మంచు కురిసే ప్రాంతాలవారు మరొక సంగతి గమనించాలి. పరిమాణం మారని వాయువు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ నుండి సున్నాకు దిగువ 10 డిగ్రీలకు, అనగా 77 నుండి 14 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, చల్లబడితే పీడనం సుమారు 12 శాతం తగ్గుతుంది. గ్రీజు కూడా చిక్కబడుతుంది. చలికాలంలో సీటు నెమ్మదిగా లేవడం చాలాసార్లు రోగం కాదు, ఋతుధర్మం.

ఈ మూడు పరీక్షల తరువాత కూడా సీటు మొరాయిస్తే దోషం వాయువున్న లోపలి భాగానిదే. కొన్ని రకాలలో వాల్వు ద్వారా పంపుతో పీడనం సరిచేయవచ్చు. మరికొన్నింటిలో ఆ భాగం మూసివేసి ఉంటుంది, మొత్తంగా మార్చాలి. కొన్నింటిలో పీడనం చదరపు అంగుళానికి 250 నుండి 300 పౌండ్లు. కారు టైరులో సుమారు 35 మాత్రమే. కనుక మూసి ఉన్న వాయుభాగాన్ని ఎన్నడూ విప్పరాదు. అణగిన స్థితిలోనే బిగుసుకుపోయిన పోస్టు ఒక్కసారిగా బాణంలా లేవవచ్చు. దానిపై ముఖం ఉంచి చూడరాదు, భాగాలు విప్పరాదు. అది శిక్షణ పొందిన మెకానిక్కు పని.

ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడటం ప్రయోగశాలలో మొదటి పాఠం. ఒక శనివారం ఈ పరీక్షలను పిల్లల చేతనే వరుసగా చేయించండి. సీటుతోపాటు ఆ పాఠమూ వారికి దక్కుతుంది.