సెల్ఫ్ కొడితే కారు పలకకపోతే

పొద్దున ఎనిమిదిన్నర. వారాసిగూడ గల్లీలో ఒకాయన కారెక్కి తాళంచెవి తిప్పుతాడు. 'టక్' మంటుంది, అంతే. ఇక చుట్టుపక్కలవాళ్ళ వైద్యం మొదలవుతుంది. "బ్యాటరీ ఖతమైంది సార్" అంటాడు ఒకడు. "పెట్రోలు రావట్లేదేమో చూడండి" అంటాడు ఇంకొకడు. కాంపస్‌కు పోతున్న మన కుర్రాళ్ళు చేతులు మడిచి "తోద్దాం పట్టండి అంకుల్" అని సిద్ధమవుతారు. ఇంజను తిరుగుతోందా, లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

అసలు అడగవలసింది అదే. తాళంచెవి తిప్పగానే స్టార్టరు మోటారు ఇంజనును తిప్పుతుంది. అది తిరిగిన తరువాతే పెట్రోలు, నిప్పురవ్వల ప్రసక్తి. ఇంజను తిరగనే తిరగనప్పుడు ప్లగ్గులు విప్పి చూడడం దండగ. జోరుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీని తిట్టడం దండగ.

తిరగడం లేదనుకుందాం. హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడమీద పడిన వెలుగు చూస్తూ ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. వెలుగు చెక్కుచెదరకపోతే కరెంటు స్టార్టరులోకి పోవడమే లేదు. తాళం స్విచ్చి, సోలినాయిడు, వాటి తీగలు చూడాలి. (ఆటోమేటిక్ బండిలో గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో లేకపోయినా ఇదే లక్షణం.) వెలుగు ఒక్కసారిగా మసకబారితే సాధారణంగా బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా బ్యాటరీకి తీగ బిగించినచోట పట్టు సరిగా ఉండదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, కరెంటుకేం లోటు?" అంటారు. ఇంటర్మీడియెట్‌లో బట్టీపట్టిన ఓమ్ సూత్రాన్ని ఒకసారి బయటికి తీయండి. రెండు హెడ్‌లైట్లకు కలిపి సుమారు 10 ఆంపియర్లు చాలు. స్టార్టరుకు 150 కావాలనుకోండి. టెర్మినల్‌మీద తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడివల్ల 0.02 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. లైట్ల ప్రవాహానికి అక్కడ పోయేది 0.2 వోల్టు, కంటికి తేడా తెలియదు. స్టార్టరు తన 150 ఆంపియర్లు లాగబోతే పోయేది 3 వోల్టులు! పన్నెండులో మూడు అక్కడే హారతి.

తరువాత కథ మీకు తెలిసిందే. వేలు పోసి కొత్త బ్యాటరీ వేయిస్తారు. బిగించేముందు మెకానిక్ ఉస్తాద్ టెర్మినళ్ళను కాస్త గీకుతాడు. బండి పలుకుతుంది. రోగం బ్యాటరీదేనని అందరూ నమ్ముతారు. నిక్షేపంలాంటి పాత బ్యాటరీ తుక్కు కొట్టుకు పోతుంది. విడిభాగం మార్చి చూడడాన్ని నేను పరీక్ష అనను, జూదం అంటాను.

వందల రూపాయల మీటరు ఒకటి చాలు. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12కు దిగిందంటే ఛార్జింగుకు పెట్టాల్సిందే. తరువాత మీటరు ఒక కొసను బ్యాటరీ సీసపు పోస్టుమీద, రెండో కొసను దానికి తొడిగిన క్లాంపుమీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. పట్టు మంచిదైతే మీటరు సున్న దగ్గరే ఉంటుంది. అర వోల్టు చూపినా దొంగ దొరికినట్టే. నల్లతీగ ముందు విప్పి, ఎర్రది తరువాత విప్పి, వేడినీళ్ళలో తినేసోడా కలిపి కడిగి, గీకి, ఆరాక బిగించండి.

ఇంజను చక్కగా తిరుగుతూ అందుకోకపోతే సంగతి వేరు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ రోజుల్లో మే నెల ఎండకు తార్నాకలో ఆగిన బండి పెట్రోలు పంపుమీద డ్రైవరు తడిగుడ్డ వేసి చెట్టుకింద కూచునేవాడు. నవ్వకండి. వేడికి పెట్రోలు ఆవిరై పంపులో చేరితే పంపు లాగలేదు. చల్లబడితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది. వానాకాలంలో డిస్ట్రిబ్యూటరు మూత లోపల చెమ్మ తుడవడమూ అలాంటి విద్యే. ఇప్పటి పెట్రోలు బళ్ళలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేయగానే చాలా బళ్ళలో వెనకసీటు కింద రెండు సెకన్లపాటు సన్నటి రొద వినిపిస్తుంది. అది లేకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి. డాష్‌బోర్డుమీద తాళంచెవి బొమ్మ ఆగకుండా మినుకుతుంటే బండి మీ చెవిని గుర్తుపట్టలేదన్నమాట. ఇంట్లో ఉన్న రెండో చెవి తెప్పించండి.

తోసేవాళ్ళకొక మాట. మామూలు ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్టు కాదు. పక్కబండి బ్యాటరీనుంచి తీగలు కలపడమే మేలు, కాని వరుస తప్పకూడదు. ఎర్రతీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచిదాని ప్లస్‌కు. నల్లతీగ మంచిదాని మైనస్‌కు. ఆఖరి కొస దిగిపోయిన బ్యాటరీకి దూరంగా, ఇంజను ఇనుముమీద రంగులేనిచోట. ఆఖరి కొస తగిలినప్పుడు చిటుక్కున రవ్వ లేస్తుంది. బ్యాటరీమీద హైడ్రోజన్ చేరి ఉండవచ్చు, ఆ రవ్వ అక్కడ లేవకూడదు. ఆ సమయంలో బీడీలు, సిగరెట్లు కాల్చేవాళ్ళను కూడా దూరంగా నిలబడమనండి.