గుత్తిలో పుట్టిన గణిత సమాజము

పలాస దాటి ఉత్తరముగా బరంపురము వైపు పోవు రైలుమార్గమున సుమ్మాదేవి యను చిన్న స్టేషను కలదు. దూరప్రయాణపు బండ్లు ఆగకయే సాగిపోవును. తూర్పున ఉద్దానపు జీడితోటలు, కొబ్బరితోటలు. వాని కావల సముద్రము. ఈ ప్రాంతమున ఏ పనియు ఒంటరిగా సాగదు. పెద్దవలను ఒడ్డునకు లాగవలెనన్న పదిమంది తాడు పట్టవలెను. జీడిగింజ పప్పుగా మారి అంగడికి చేరులోపల ఎన్ని చేతులు మారునో పలాస బాలురకు నేను చెప్పనక్కరలేదు.

అట్టి యూరిలో ఒక బాలునకు లెక్కలపై మక్కువ కలిగినదనుకొనుడు. పాఠ్యపుస్తకములోని లెక్కలన్నియు ముగించి, తనంత తానొక క్రొత్త సూత్రమును కనుగొనెను. అది సరియైనదేనా? సరియైనదే యైనచో, రెండువందల ఏండ్ల క్రిందట మరియెవరైన కనుగొనియుండలేదు గదా? ఈ సంగతి అతనికెట్లు తెలియును? వల లాగువానికి ప్రక్కవాడు కంటికి కనబడుచుండును. గణితము చేయువానికి తోడు రాగలవాడు వందల మైళ్ల దూరమున ఉండవచ్చును. అట్టివాడొకడు కలడని కూడ తెలియకపోవచ్చును. అట్టివారిని ఒకరికొకరిని ఎరుకపరచుటకే గణిత సమాజము లేర్పడినవి. మన దేశమంతటికిని చెందిన గణిత సమాజము తెలుగునేలపైననే, అనంతపురము జిల్లాలోని గుత్తిలో పుట్టినది.

1906వ సంవత్సరమున వి. రామస్వామి అయ్యరుగారు గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నుండిరి. ఆయన కళాశాలలో ఆచార్యుడు కాడు, రెవెన్యూ ఉద్యోగి. అయినను ఆయన మనసు రేఖాగణితముపై నుండెడిది. ఉద్యోగమొకటి, వ్యసనము మరొకటి. ఈ వ్యసనము మాత్రము ఇల్లు గుల్లచేయునది కాదు. గుత్తి కొండకోటకు ప్రసిద్ధి. రైలు కూడలి కూడ. కాని యూరోపు ఖండమున వెలువడు గణిత పత్రికలు అట్టి చోటికి వచ్చునా? అవి మిక్కిలి ఖరీదైనవి. ఒక్కని జీతముతో వాని నన్నిటిని తెప్పించుట అసాధ్యము. లండను నగరమున గణిత సమాజము 1865లోనే వెలసినది. మనకట్టిదేల యుండరాదని తలచి, అయ్యరుగారు ఆ యేటి డిసెంబరు నెలలో గణితాభిమానులైన మిత్రులకు ఉత్తరములు వ్రాసిరి.

ఆ ఉత్తరముల ఫలితముగా 1907 ఏప్రిల్ 4వ తేదీన ఇరువదిమంది సభ్యులతో ‘అనలిటిక్ క్లబ్బు’ ఏర్పడినది. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో గణితాచార్యులైన బి. హనుమంతరావుగారు తొలి అధ్యక్షులు. సభ్యులు చందాలు వేసికొని పుస్తకములను, పత్రికలను తెప్పించెడివారు. ఒకరు చదివిన పత్రిక తపాలా ద్వారా మరొకరికి పోయెడిది. పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో గ్రంథాలయము నేర్పరచిరి. 1909లో సమాజము సొంత పత్రికను ప్రారంభించినది. 1910లో సమాజమునకు ‘ఇండియన్ మేథమెటికల్ సొసైటీ’, అనగా భారత గణిత సమాజము, అను పేరు స్థిరపడినది.

ఇంతవరకు చూచిన నిది చదువరుల సంఘము మాత్రమే. దీని విలువ తెలియవలెనన్న మరియొక ఉద్యోగము లేని యువకుని కథ వినవలెను.

1910లో రామస్వామి అయ్యరుగారు తమిళదేశమున తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా నుండిరి. ఒకనాడు ఇరువదిరెండేండ్ల యువకుడొకడు నోటుపుస్తకములు చంకనిడుకొని వచ్చి, తన కొక గుమాస్తా పని యిప్పింపుమని వేడెను. అతడు పట్టము లేనివాడు. కళాశాల పరీక్షలలో తప్పినవాడు. అయ్యరుగారు ఆ పుస్తకములను త్రిప్పిచూచి విస్మితులైరి. ఇట్టివానిని తాలూకా కచేరీలో చిన్న గుమాస్తాగా కూర్చుండబెట్టిన అతని ప్రజ్ఞ అణగారిపోవునని తలచి, ఉద్యోగమీయక, మద్రాసులోని గణిత మిత్రులకు ఉత్తరములిచ్చి పంపిరి. ఆకలితో వచ్చినవానికి ఆ క్షణమున అదెంత చేదుగా నుండెనో! ఆ యువకుడే శ్రీనివాస రామానుజన్.

ఆ మిత్రులు కూడ గణిత సమాజమునకు చెందినవారే. వారి మూలమున రామానుజన్ నెల్లూరులో కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావుగారిని చేరెను. రావుగారు మొదట సందేహించిరి. పలుమారులు విన్న పిదప నమ్మిరి. కొంతకాలము నెలకు 25 రూపాయలు స్వయముగా పంపిరి. తరువాత వీరును సమాజమునకు అధ్యక్షులైరి.

సమాజపు పత్రికలో ప్రశ్నల శీర్షిక యొకటి యుండెను. ఎవరైనను సమస్యను పంపవచ్చును, ఎవరైనను సమాధానము వ్రాయవచ్చును. పంపినవాని పట్టమును ఎవరును అడుగరు. 1911లో రామానుజన్ అందులో నిట్టి ప్రశ్న నడిగెను. వర్గమూలములో వర్గమూలము, దానిలో మరియొక వర్గమూలము, ఇట్లు అంతులేక సాగు సంఖ్య యిది:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + ...))))

దీని విలువ యెంత? ఆరు నెలలు గడచినను ఎవరును సమాధానము పంపలేదు. చివరకు రామానుజనే చెప్పెను. విలువ 3. ఎట్లన, 3 అనగా √9. 9 అనగా 1 + 2 × 4. ఈ 4 అనగా √16. 16 అనగా 1 + 3 × 5. ఈ 5 అనగా √25. 25 అనగా 1 + 4 × 6. ఇట్లు ఎంత దూరమైనను పోవచ్చును. అంతులేని మెట్లను ఇట్లు దిగవచ్చునా యను సందేహము కలిగినవారు మెచ్చదగినవారు. దానికి సమాధానము పై తరగతులలో దొరకును.

ఆ సంవత్సరమే బెర్నూలీ సంఖ్యలను గూర్చి రామానుజన్ వ్రాసిన తొలి వ్యాసము పత్రికలో అచ్చయినది. అది సులువుగా అచ్చు కాలేదు. రామానుజన్ నడుమ మెట్లను విడిచి ఫలితములను మాత్రమే వ్రాసెడివాడు. బెంగుళూరులోని సంపాదకులు ఎం. టి. నారణయ్యంగారు వ్రాతప్రతిని త్రిప్పిపంపి, వివరముగా వ్రాయుమని కోరిరి. సమాజము అతనికి చేసిన సాయములలో నా దృష్టికి ఇదియే పెద్దది. మెచ్చుకొనువారు ఎక్కడనైనను దొరకుదురు. ‘నీవు చెప్పినది నిజమే కావచ్చును, ఋజువు చూపుము’ అని ఓపికతో అడుగువారు అరుదు.

1912లో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరెను. అక్కడి పై యుద్యోగి ఎస్. నారాయణ అయ్యరుగారు కూడ సమాజ సభ్యులే. 1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు ఉత్తరము వ్రాసెను. ఆ మార్చి నెలలో విశ్వవిద్యాలయపు గణిత పాఠ్యసంఘము సమావేశమై అతనికి నెలకు 75 రూపాయల వేతనమీయవలెనని నిర్ణయించెను. ఆ సమావేశమును పిలిచినవారు, సమాజపు తొలి అధ్యక్షులైన హనుమంతరావుగారే. 1914లో అతడు ఓడ యెక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1920లో ముప్పదిరెండవ యేట మరణించెను.

రామానుజన్ ప్రతిభ అతనిదే. దాని నెవరును ఇచ్చినవారు కారు. అయినను తిరుక్కోయిలూరు, నెల్లూరు, బెంగుళూరు, మద్రాసు నగరములలో అతనికి తలుపు తీసినవారందరును గుత్తి ఉత్తరములతో ఆరంభమైన ఆ కూటమివారే. 1906లో ఆ ఉత్తరములు వ్రాయబడకున్నచో వా రొకరికొకరు తెలిసియుండెడివారా?

సమాజపు తొలి మహాసభ 1916లో మద్రాసున జరిగెను. 1933లో విద్యార్థులకును ఉపాధ్యాయులకును ఉపయోగపడునట్లు ‘మేథమెటిక్స్ స్టూడెంట్’ అను రెండవ పత్రికను స్థాపించిరి. రామస్వామి అయ్యరుగారు 1936లో దివంగతులైరి. 2007లో నూరేండ్లు నిండిన ఈ సమాజము నేటికిని పనిచేయుచున్నది.

ఇక, రామానుజన్ ప్రశ్నలోని మొదటి గుణకమైన 2కు బదులు 3తో మొదలిడినచో √(1 + 3√(1 + 4√(1 + 5√(1 + ...)))) అగును. పై మెట్లను శ్రద్ధగా చూచినవారు దీని విలువను కాగితము లేకయే చెప్పగలరు. 10తో మొదలిడినచో ఎంత యగును?