టీవీ ఆపాకే అసలు పాఠం

రాజమహేంద్రవరం,
డిసెంబరు, 2025.

చిరంజీవి అమ్మడికి,



నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మెగా డీఎస్సీలో ఎస్జీటీ పోస్టు వచ్చి అక్టోబరులో ఆ లంక బడిలో చేరావో లేదో, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి మీ కోనసీమను చీకట్లో ముంచేసింది. ఇప్పుడు కరెంటు వచ్చి, బడి సర్దుకుని, నీకు అసలు సందేహం మొదలైందన్నమాట: గోడకున్న స్మార్ట్ టీవీని ఏం చెయ్యాలి? పాడైపోతే మన మెడకు చుట్టుకుంటుందని హెచ్చెమ్‌గారు గుడ్డ కప్పి ఉంచమంటున్నారు. పక్క ఊళ్లో నీ స్నేహితురాలేమో పొద్దున ప్రార్థన అయింది మొదలు యూట్యూబ్ పెట్టి కూచుంటోంది. ఇద్దరి దారీ నాకు నచ్చలేదు.

నా లెక్క చెబుతాను. తరగతిలోకి నువ్వు తేలేనిదాన్ని చూపించడానికి టీవీ పెట్టు. తేగలిగినదానికి వద్దు. కొబ్బరి పూత ఎలా ఉంటుందో, చేపకు మొప్పలు ఎక్కడుంటాయో చెప్పడానికి వీడియో ఎందుకమ్మా? గోడ దాటితే కొబ్బరితోట, సందు చివర చేపల బుట్ట. ఆవకాయ ఎంత బావున్నా కంచం నిండా వడ్డించుకోం కదా, టీవీ వాటా కూడా అంతే.

బళ్లోకి ఇలాంటి యంత్రాలు రావడం కొత్తేం కాదు. 1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలుపెట్టి, అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో మన రాష్ట్రం పల్లెలూ ఉన్నాయి, బడిపిల్లలకు విడిగా పాఠాలూ ఉన్నాయి. సరిగ్గా ఏడాదికి ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం వచ్చింది. కరోనాలో దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలు చెప్పారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు, 2024 వచ్చేసరికి ఆ కంపెనీయే దివాలా విచారణకెక్కింది. ఉపగ్రహాలు వెళ్లిపోతాయి, కంపెనీలు మునిగిపోతాయి, ప్రభుత్వాలు మారతాయి. నీ మూడో తరగతి మాత్రం మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చి నీ ముందే కూచుంటుంది. అందుకని పాఠం పగ్గాలు ఎప్పుడూ నీ చేతిలోనే ఉంచుకో.

కరోనా రోజులు గుర్తున్నాయిగా! 2020 మార్చిలో ఇళ్లకు వెళ్లిన ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు 2021 ఫిబ్రవరి 1న గాని బడిమెట్లు ఎక్కలేదు. ఆ మధ్యంతా టీవీ పాఠాలు, ఫోను పాఠాలే. తర్వాత ప్రథమ్ సంస్థ వాళ్ల ‘అసర్’ చదువుల సర్వే వచ్చింది. మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 22.6 మంది ఉంటే, 2022లో 10.3 మందే తేలారు. తప్పంతా తెరదని అనను, బళ్లు మూతపడ్డాయి కాబట్టి పడింది ఆ దెబ్బ. తెర ఒక్కటే దాన్ని కాచుకోలేకపోయిందనే అంటాను. పెరూ దేశంలో ప్రాథమిక బడిపిల్లలకు ఏకంగా లాప్‌టాప్‌లే పంచారు. తీరా పరీక్షించి చూస్తే చదవడంలోనూ లెక్కల్లోనూ మార్పేమీ కనబడలేదట.

ఇక ఎలా వాడాలో చెబుతాను. గోదావరి పాఠమే తీసుకో. గూగుల్ ఎర్త్ తెరిచి ముందు మీ బడి కప్పు మీద ఆగు. ‘మీ ఇల్లెక్కడర్రా?’ అని అడుగు. ఒక్కొక్కడూ లేచి వచ్చి వేలు పెట్టి చూపిస్తాడు, ‘అదేనండి టీచరుగారూ, చెరువు పక్కనండి’ అంటూ. పటం అంటే ఏమిటో అక్కడే సగం తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి పి.గన్నవరం దగ్గర అక్విడక్టుకి తీసుకెళ్లు. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీంచి కాలువ. ‘ఏటి మీంచి కాలువ ఎలా వెళ్తోందర్రా?’ అని అడిగి ఊరుకో. జవాబు నువ్వు చెప్పెయ్యకు, వాళ్లనే కొట్టుకోనీ. తర్వాత ఎగువకి సాగు. వశిష్ఠ మీదుగా 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం, పాపికొండలు, భద్రాచలం, బాసర, చివరికి నాసిక్ దగ్గర త్ర్యంబకం. మొత్తం 1,465 కిలోమీటర్లు పది నిమిషాల్లో అయిపోతుంది.

టీవీ ఆపెయ్. కాగితాలిచ్చి నదిని గియ్యమను, చూసిన ఊళ్ల పేర్లు రాయమను. కొందరి బొమ్మలో గోదావరి సముద్రంలో పుట్టి కొండెక్కుతుంది, చూసుకో! మనం ఎగువకి వెళ్లాం కదా, నీళ్లూ అటే వెళ్తాయనుకుంటారు పసివాళ్లు. ఆ బొమ్మలు గీయించకపోతే ఆ సంగతి నీకు తెలిసేదే కాదు. టీవీకి ఎన్నటికీ తెలియదు. వాళ్లను కూచోబెట్టి ఈసారి కొండ మీంచి కిందికి దింపుకురా.

చదవడం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. గూగుల్ వాళ్ల ‘రీడ్ అలాంగ్’ యాప్ మంచిదే. పిల్ల తెలుగులో చదువుతుంటే విని, తడబడినచోట అందిస్తుంది. గది గోలలో మాత్రం దానికి ఎవరి మాటా సరిగా వినపడదు. ఒక్కొక్కరినే వరండాలోకి పంపు. యాప్ ఇచ్చే నక్షత్రాల కోసం గబగబా దాటేసేవాణ్ణి పట్టుకుని, అదే కథ మర్నాడు కాగితం మీద చదివించు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథల పుస్తకాలు ఊరికే దొరుకుతాయి. టీవీ మీద పెద్ద అక్షరాలతో పెట్టి క్లాసంతా కలిసి చదవొచ్చు.

వీటన్నిటికంటే నాకు నచ్చేది నీ ఫోన్లో ఉన్న వాయిస్ రికార్డరు. నెలకోసారి ప్రతి పిల్ల చేతా నాలుగు వాక్యాలు చదివించి దాచు. ఈ నెల ‘పద్మ’ని ‘పదమ’ అన్నవాడు సంక్రాంతి సెలవులయ్యాక ఒత్తు పలికితే, పాతదీ కొత్తదీ పక్కపక్కనే వినిపించు. వాడి మొహం చూడు అప్పుడు. మీ వైపు ఎందరో తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పనికి వెళ్లి ఉంటారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతుంటారు. ఆ గొంతు ఆ తల్లికి వాట్సాప్‌లో పంపు. మార్కుల కాగితం కంటే అదే ఆవిడకు ఎక్కువ చెబుతుంది.

కొన్ని చిన్న జాగ్రత్తలు. ఏ వీడియో అయినా ముందురోజు రాత్రి చివరిదాకా చూడు. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు. లేకపోతే పాఠం మధ్యలో ఏదో ప్రకటన వచ్చి పడుతుంది. గూగుల్ ఎర్త్‌కి సిగ్నల్ చాలదనుకుంటే ఇంటి దగ్గరే స్క్రీన్ రికార్డు చేసుకో. కరెంటు పోయినా నడిచే సుద్దముక్క పాఠం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకో. కిటికీ వెలుతురు తెర మీద పడకుండా చూడు, పొట్టివాళ్లను ముందు కూచోబెట్టు. అప్పుడప్పుడు ధ్వని తీసేసి బొమ్మే నడిపించు, కథ పిల్లల చేత చెప్పించు. 2020లో కేంద్రం ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండుకు మించొద్దంది, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. అది ఇంట్లో ఉన్న పిల్లల లెక్క. నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు పూటకు పావుగంట చాలు.

నీ ఫోను సగం కాలం శాఖ పనికే పోతుందని నాకు తెలుసు. హాజరు, డొక్కా సీతమ్మగారి పేరిట పెట్టే మధ్యాహ్న భోజనం వివరాలు, ఇంకా ఏవేవో. ఆ పనులు బడి మొదలయ్యే ముందో, అన్నాల వేళో ముగించు. క్లాసు నడుస్తుండగా టీచరు ఫోను చూసుకుంటే పిల్లలు నేర్చుకునేది అదే. పిల్లల ఫొటోలు మాత్రం నీ స్టేటస్‌లో పెట్టకు. 2023 డేటా రక్షణ చట్టం కూడా మైనర్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచు, అది మర్యాద.

హెచ్చెమ్‌గారితో వాదన పెట్టుకోకు. ఒకరోజు ఆయన్ని గోదావరి పాఠానికి పిలిచి వెనక కూచోమను. గుడ్డ ఆయనే తీసేస్తారు. వారం చివర నిన్ను నువ్వు ఒక్కటే అడుగు: ఈ వారం టీవీ ఆపాక ఎంతమంది పిల్లలు నోరు విప్పారు, ఎంతమంది చేత్తో రాశారు? ఆ సంఖ్య పెరుగుతుంటే టీవీ వాడు. తగ్గుతుంటే, మొహమాటపడకుండా ఆ గుడ్డ మళ్లీ కప్పెయ్.

ఆశీస్సులతో,
మీ పెద్దమావయ్య