నడుము మగ్గం నేర్చుకుంటానన్న చెల్లెలికి

భద్రాచలం

చెల్లీ సమ్మక్కా,

అరుణాచల్‌లోని పాసీఘాట్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. అక్కడి ఆదీ తెగ ఆడవాళ్లు తాము నడుముకు చుట్టుకునే గాలే గుడ్డ తామే నేసుకుంటున్నారని, మన కోయ ఇళ్లలో ఒక్క మగ్గం కూడా లేదెందుకని అడిగావు. చదువుతో పాటు నేత కూడా నేర్చుకుంటానన్నావు. తప్పకుండా నేర్చుకో. ఎలా నేర్చుకోవాలో నాకు తోచింది రాస్తున్నా.

మన అమ్మమ్మలు కట్టింది కూడా సంతలో కొన్న బట్టే. మన చేతులకు వచ్చిన అల్లిక వెదురుతోనే: తట్ట, చాట, తడిక. కానీ పడిగె సంగతి నీకెవరూ చెప్పినట్టు లేరు. పడిగె అంటే పొడుగాటి త్రికోణపు గుడ్డ. రంగుగుడ్డల్ని ఏనుగుగా, పులిగా, మనుషులుగా కత్తిరించి దాని మీద కుడతారు. ఒక్కో గట్టుకు, అంటే ఒక్కో వంశానికి, ఒక్కో పడిగె ఉంటుంది. ఆ గట్టు మూలపురుషులెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరితో పోరాడారు, అంతా ఆ బొమ్మల్లోనే ఉంటుంది. వేల్పుల కొలుపునాడు కథలు పాడే డోలీలు దాన్ని విప్పి, ఆ బొమ్మల కథ పాడతారు. ఆ పాట తెలియనివాళ్లకు అది వట్టి రంగుల జెండా.

మణుగూరు దగ్గర కూనవరం ఊరి సకిని రామచంద్రయ్యగారు అలా పాడినవాళ్లే. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

అందుకే అక్కడ మగ్గం నేర్చుకుంటూ గుడ్డ కథ కూడా అడుగు. ఈ గీత ఎందుకు, ఈ రంగు ఎవరు కడతారు, వాళ్ల సోలుంగ్ పండుగకు ఏది కడతారు అని అడిగి తెలుసుకో. వాళ్ల నమూనాలు తెచ్చి ఇక్కడ నేసి అమ్మాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకు. అవి వాళ్లవి.

పని విషయానికొస్తే, ముందు పడుగు పోయడం నేర్చుకో. కొత్తవాళ్లంతా పేక వేసే దగ్గర కూర్చోవాలనుకుంటారు. పడుగులో ఒక పోగు తప్పితే ఆ తప్పు గుడ్డ చివరిదాకా వస్తుంది. నడుము మగ్గానికి గుంట అక్కర్లేదు, పెద్ద చట్రం అక్కర్లేదు. ఒక కొస గోడకో గుంజకో కట్టి, రెండో కొస పట్టీతో నడుముకు బిగించుకుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నీ ఒళ్లే మగ్గంలో సగం. అందుకే గంటల తరబడి ఒక్క బిగిన కూర్చోకు, మధ్యమధ్యలో లేచి నడు. వెదురుబద్దలు, కర్రపలక చాలు కాబట్టి మన ఊళ్లో ఆ మగ్గం చేసుకోవడం కష్టమేమీ కాదు. గుడ్డ పన్నా మాత్రం చిన్నది. అక్కడ గాలే కూడా రెండు ముక్కలు కలిపి కుట్టిందే, నువ్వే గమనించి చూడు. బజారు ఉన్ని మెరుస్తుంది గానీ మన ఎండలకు పనికిరాదు. నువ్వు నూలుతో నేర్చుకో.

ఇక్కడికొచ్చాక ఏం నేస్తావు? చీర పెట్టుకోకు. చీర నేయడానికి పోచంపల్లి, గద్వాల తరతరాలుగా ఉన్నాయి. కొమ్ము నృత్యం ఆడే మన పిల్లలు ఇప్పుడు తలకు చుట్టేది షాపులో కొన్న పాలిస్టర్ గుడ్డ. ముందు వాళ్లకు తలపాగాలు, నడుముగుడ్డలు నెయ్యి. చిన్న పన్నా వాటికి సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత సంచులు నేస్తే శ్రీరామనవమికి, ముక్కోటికి వచ్చే జనం కొంటారు.

పడిగె బొమ్మల్ని మాత్రం సంచుల మీదికి ఎక్కించకు. మన కళ నలుగురికీ తెలుస్తుంది కదా అని ఊరించేవాళ్లు ఉంటారు, వినకు. వేల్పుల ముందు విప్పే గుడ్డ భుజానికి వేలాడే సరుకు కాకూడదు. అమ్మకానికి నీ సొంత నమూనా వేసుకో: ఇప్పపువ్వు వెయ్యి, రేలపూల గుత్తి వెయ్యి, నీ ఇష్టం.

పడిగె చూడాలంటే మన పూజారి వడ్డె దగ్గర అనుమతి తీసుకోవాలి. నేను అడిగి ఉంచుతాను. ఫోన్ బయటికి తీయకుండా ముందు కూర్చుని విను, ఒప్పుకున్నాక రాసుకో. కోయ మాటను కోయగానే రాయి. తెలుగులోకి మార్చుకోవడం తర్వాత చూసుకోవచ్చు.

పడిగె ముందు నిలబడి కథంతా పాడగల పెద్దలు మన చుట్టుపక్కల ఏటికేడు తగ్గిపోతున్నారు. చదువు పూర్తయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఈ వేసవి సెలవులకే రా.

నీ అక్క