కాఫీ మెషిన్‌కు స్టీలు జాలీ మంచిదేనా?

ప్రశ్న: మా డ్రిప్ కాఫీ మెషిన్‌కు పేపర్ ఫిల్టర్లు దొరకడం కష్టంగా ఉంది. కడిగి మళ్లీ వాడుకునే స్టీలు జాలీ గిన్నె కొన్నాం. కొద్దిరోజులకే డికాక్షన్ దిగడం ఆలస్యమవుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: స్టీలు జాలీ నిక్షేపంగా వాడుకోవచ్చు. మన ఇత్తడి, స్టీలు కాఫీ ఫిల్టర్లు తరతరాలుగా చేస్తున్న పనే అది. డికాక్షన్ ఆలస్యానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి, పొడి. ఇంటి ఫిల్టర్‌కు వాడే, చికోరీ కలిపిన మెత్తటి కాఫీ పొడి జాలీని పూడ్చేస్తుంది. మెషిన్‌కు బొంబాయి రవ్వంత పలుకుగా, చికోరీ లేకుండా మర పట్టించండి. లీటరు నీటికి 55–60 గ్రాములు చాలు.

రెండు, కాఫీ నూనె జిడ్డు. వాడిన వెంటనే కడగండి. వారానికోసారి వంట సోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి.

మూడు, నీళ్లు. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. తెల్లటి ఉప్పు జాలీలోనూ మెషిన్ గొట్టంలోనూ పేరుకుంటుంది. నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీటిని మెషిన్‌లో ఒకసారి, మంచినీటిని రెండుసార్లు నడపండి.

ఇదే మెషిన్‌లో టీ కూడా చేస్తే దానికి వేరే జాలీ ఉంచుకోండి. డస్ట్ టీ కన్నాల్లోంచి జారిపోతుంది కాబట్టి ఆకు టీ వాడండి.

ఒక్క జాగ్రత్త. కాఫీలోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. పేపర్ దాన్ని చాలావరకు ఆపుతుంది, స్టీలు అంతగా ఆపలేదు. ఇంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారికి మాత్రం పేపర్ ఫిల్టరే వాడండి.