ఆశ్రయ దానం: గడప లేని మనిషి, మన ధమ్మం

 

ఉపాసకులారా, ఉపాసికలారా! ఈ పాఠం దానం గురించి. అన్నదానం, వస్త్రదానం మనకు తెలిసినవే. ఈసారి ఆశ్రయ దానం గురించి మాట్లాడుకుందాం.

జనగామ బస్టాండులో, మహబూబాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర, భూపాలపల్లిలో మూసిన షాపుల ముందు రాత్రి పది దాటినాక ఒకసారి చూడండి. సంచి తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్లు కనబడతారు. కొడుకులు చూడక బయటపడ్డ ముసలవ్వ ఉంటది. పనికోసం వచ్చి, తాగుడుకు అలవాటై, ఇంటికి మొఖం చూపలేని మనిషి ఉంటడు. మతి తప్పి ఏ రైలో ఎక్కి, ఏ ఊర్లోనో దిగిన ఆడమనిషి ఉంటది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. లెక్కలు తీసిన రాత్రి కంటబడ్డవాళ్లే ఇందులో ఉన్నారు.

ఏప్రిల్ 14న, బుద్ధ పూర్ణిమ నాడు మనం అన్నం ప్యాకెట్లు పంచుతాం. మంచి పనే. కానీ మర్నాడు పొద్దున ఆ అవ్వ అదే జాగలో ఉంటది. ఆమెకు లేనిది పూట కూడు ఒక్కటే కాదు. "లోపలికి రా" అనే గడప లేదు. పేరుతో పిలిచే మనిషి లేడు. ఈ రెండూ ఇవ్వడమే ఆశ్రయ దానం.

"వాళ్ల కర్మ" అనొద్దు

"పోయిన జన్మల ఏం చేసుకున్నదో!" ఈ మాట దీక్ష తీసుకున్న మన ఇళ్లల్లో కూడా ఇంకా వినబడుతుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ ఆలోచనను సూటిగా తిప్పికొట్టారు. పేదల కష్టాలను పూర్వజన్మ మీదికి నెట్టేస్తే సమాజమూ ప్రభుత్వమూ చేతులు దులుపుకోవచ్చు, ఆ సిద్ధాంతం పనికొచ్చేది అందుకేనని తేల్చారు.

బాబాసాహెబ్ కూడా తలదాచుకునే చోటు లేక తిరిగిన రోజు ఉంది. 1917లో అమెరికా చదువు ముగించి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఊర్లో గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో ఉన్నారు. సంగతి తెలిసి పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులను అడిగితే ఏదో సాకు చెప్పారు. చివరికి ఒక తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. చదువుంది, ఉద్యోగముంది. అయినా గడప దొరకలేదు. మరి ఇల్లు లేకపోవడం ఆ మనిషి తప్పా, తలుపు మూసిన సమాజం తప్పా?

పటాచార చెప్పే పాఠం

పటాచార శ్రావస్తి నగరపు బిడ్డ. పాము కరిచి భర్త పోయాడు. పసిగుడ్డును గద్ద ఎత్తుకుపోయింది. పెద్దోడు ఏట్లో కొట్టుకుపోయాడు. పుట్టింటికి బయలుదేరితే, రాత్రి వానకు ఇల్లు కూలి అమ్మానాన్నలు, అన్న చనిపోయారని దారిలోనే తెలిసింది. మతి తప్పింది. ఒంటి మీద బట్ట కూడా లేకుండా వీధుల్లో తిరిగింది. జనం తరిమారు.

అలా తిరుగుతూ జేతవనానికి వచ్చింది. అక్కడున్నవాళ్లు ఆమెను ఆపబోయారు. బుద్ధుడు రానివ్వమన్నారు. చెల్లీ అని పిలిచి, స్పృహలోకి రమ్మన్నారు. ఒకాయన తన పైబట్ట ఇచ్చాడు. ఆమె చెప్పిందంతా బుద్ధుడు విన్నారు. సంఘంలో చోటిచ్చారు. తర్వాత వినయం తెలిసిన భిక్షుణులలో ఆమెనే మొదటిదిగా ఎంచారు.

ఇందులో నాలుగు మెట్లున్నాయి: తరమకపోవడం, ఒళ్లు కప్పడం, బంధువులా పిలిచి వినడం, మళ్లీ నలుగురిలో చోటివ్వడం. మనం పంచే ప్యాకెట్టు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతోంది.

ఇంకో సంగతి. పటాచార పరుగెత్తుకుని రావడానికి జేతవనం ఉంది. దాన్ని కట్టించింది అనాథపిండికుడు, మనలాగే సంసారంలో ఉన్న ఉపాసకుడు. విహారం అంటేనే ఉండే చోటు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఆనాటి విహారాల గదుల ఆనవాళ్లు ఇప్పటికీ కనబడతాయి. ఏ దానం ఏమిస్తుందన్న ప్రశ్నకు జవాబిస్తూ, ఆశ్రయమిచ్చినవాడు మిగతావన్నీ ఇచ్చినట్టేనన్న భావం బుద్ధుడు చెప్పారని సంయుత్త నికాయంలో ఉంది.

ఇప్పుడు ఈ పని చేస్తున్నవాళ్లు

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్‌లో గట్టు శంకర్ నడిపే అమ్మానాన్న అనాథాశ్రమం ఉంది. మతిస్థిమితం తప్పి రోడ్ల మీద తిరిగేవాళ్లను తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, స్నానం చేయించి, అన్నం, మందులు ఇస్తారు. కోలుకుని ఊరి పేరు చెప్పగలిగినవాళ్లను ఇంటికి చేరుస్తారు.

మహారాష్ట్రలోని కర్జత్‌లో శ్రద్ధ రిహాబిలిటేషన్ ఫౌండేషన్ ఉంది. దాన్ని నడిపే మానసిక వైద్యుడు భరత్ వట్వానీకి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన ఈ పని మొదలుపెట్టింది ముంబైలో మురుగునీళ్లు తాగుతున్న ఒక యువకుణ్ణి చూసి. వైద్యం చేయిస్తే తేలింది, అతను ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైన్సు గ్రాడ్యుయేట్ అని! మనం "పిచ్చోడు" అని పక్కకు తప్పుకునే మనిషికి ఒక పేరుంది, చదువుంది, ఎదురుచూసే ఇల్లుంది. ఈ సంస్థ కోలుకున్న మనిషికి తోడు పంపి, ఇంటివాళ్లకు జబ్బు గురించి, మందుల గురించి చెప్పి అప్పగిస్తుంది. అలా చేస్తేనే నాలుగో మెట్టు పూర్తయినట్టు.

చట్టం మన వైపే ఉంది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బుతో దిక్కులేక తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల విధి. 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇంటివాళ్ల ఆచూకీ తీయాలి. ఇల్లు లేనివాళ్లకు మానసిక వైద్యం ఉచితంగా అందాలని కూడా అదే చట్టం చెబుతుంది.

లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ నడపాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది పెద్ద నగరాలను ఉద్దేశించిన మాట. మన మూడు పట్టణాల్లో మున్సిపాలిటీని కదిలించాలంటే మనమే అడగాలి.

మనం చేయాల్సింది

1. ముందు మాట్లాడండి. అవ్వా, అన్నా, చెల్లే అని పిలవండి. ఊరు అడగండి, కులం అడగొద్దు. ఆడమనిషి దగ్గరికి మన ఉపాసికలే ముందు వెళ్లాలి.

2. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. అది దానం కాదు, ప్రదర్శన.

3. ఒంట్లో బాగలేకపోతే 108కి, ముసలివాళ్లయితే 14567కి, పిల్లలయితే 1098కి, ఆపదలో ఉన్న ఆడవాళ్లయితే 181కి ఫోన్ చేయండి. మతి తప్పినవాళ్ల సంగతి పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, వరంగల్ ఎంజీఎం దాకా ఇద్దరు తోడు వెళ్లండి.

4. ఏదైనా ఆశ్రమంలో చేర్చేముందు అక్కడికి వెళ్లి చూడండి. కట్టేస్తున్నారా, కొడుతున్నారా, డాక్టర్ వస్తున్నాడా అడగండి. నెలకోసారి పోయి పలకరించండి. అప్పగించడంతో మన పని అయిపోదు.

5. చలికాలం రాత్రులు, వాన రాత్రులు అంబేద్కర్ భవన్ తాళం తీయండి. జయంతికీ వర్ధంతికీ తప్ప తెరవని భవనం బాబాసాహెబ్‌కు గౌరవం కాదు.

22 ప్రతిజ్ఞలలో 13వది ప్రాణులన్నిటి పట్ల కరుణ, మైత్రి చూపిస్తానని చేసిన ప్రమాణం. అది బస్టాండులో పడుకున్న మనిషి దగ్గర మొదలు కావాలి. ఊరి బయట, గుడి బయట, బావి బయట నిలబెట్టబడ్డ జాతి మనది. బయట ఉండడమంటే ఏందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సంఘంలో చర్చకు ప్రశ్నలు

• మన ఊర్లో రాత్రి బయట పడుకునేవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

• పటాచార ఈ రాత్రి మన వీధికి వస్తే ఏ తలుపు తెరుచుకుంటుంది?

• మన భవన్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

భవతు సబ్బ మంగళం.